నాట్యాన్ని నిలువెత్తున చిత్రీకరించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

స్పెయిన్ దర్శకుడు కార్లోస్ సౌరా తీసిన ‘సలోమె’ సినిమాను మన రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల అధికారులు, దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్ల వాళ్లు ఒక్కసారి చూడాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. 2002లో వచ్చిన స్పానిష్ నాట్య చిత్రం అది. కథ చర్చికి వెళ్లేవాళ్లందరికీ తెలిసిందే. హేరోదు రాజు పుట్టినరోజు విందులో ఆయన భార్య హేరోదియ కూతురు నాట్యం చేస్తుంది. ఏం కోరుకున్నా, రాజ్యంలో సగమైనా సరే, ఇస్తానని రాజు ఒట్టు పెడతాడు. ఆ పిల్ల తల్లిని అడిగి వచ్చి, బాప్తిస్మమిచ్చు యోహాను తలను పళ్లెంలో పెట్టి ఇమ్మంటుంది. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఇదంతా కొద్ది వచనాల్లో ముగిసిపోతుంది. నాట్యం ఎలా సాగిందో ఒక్క ముక్క లేదు. అమ్మాయి పేరూ లేదు. ఆ పేరు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిపెట్టింది.

సౌరా సినిమాలో సలోమె యోహానును ప్రేమిస్తుంది, ఆయన కాదంటాడు, ఆ అవమానం తల కోరేదాకా పోతుంది. సువార్తలో పగ తల్లిది. కూతురి ప్రేమ ఆస్కార్ వైల్డ్ నాటకం చూపించిన దారి. విశ్వాసుల్లో కొందరికి ఇది రుచించకపోవచ్చు, ఒక్కో ముసుగూ తీసేస్తూ సలోమె చేసే ఏడు మేలిముసుగుల నాట్యం అసలే రుచించకపోవచ్చు. వాళ్ల అభ్యంతరాన్ని గౌరవిస్తాను. నేను చెప్పదలచుకున్నది ఆ సినిమా తీసిన పద్ధతి గురించి.

మొదటి భాగమంతా సాధనే. సలోమె పాత్రధారి ఐడా గోమెజ్ 1998 నుంచి 2001 దాకా స్పెయిన్ జాతీయ బ్యాలే బృందాన్ని నడిపిన మనిషి. అంతటి నర్తకి అద్దాల ముందు, మామూలు సాధన బట్టల్లో, చెమటలు కక్కుతూ కనిపిస్తుంది. కళాకారులు కెమెరా ముందు కూర్చుని తమ గురించి చెప్పుకుంటారు. దర్శకుడి పాత్ర వేసిన నటుడు రంగాలంకరణ, వెలుగు, దుస్తులు ఎలా ఉండాలో వివరిస్తాడు. రోకె బాన్యోస్ సంగీతం, టొమాటిటో గిటారు ఎక్కడ ఎలా కలుస్తాయో వింటాం. ఆ తర్వాతే అసలు ప్రదర్శన. అందులో సంభాషణలు ఉండవు, వాటి అవసరమూ కనిపించదు. ఎందుకంటే అప్పటికే ఆ అడుగు వెనకున్న కష్టం మనం చూసి ఉంటాం.

సౌరా ఈ పని అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలుపెట్టారు. 1981లో ఫ్లమెంకో అనే స్పెయిన్ నాట్యంలో పేరుమోసిన ఆంటోనియో గాడెస్ బృందం ముఖాలకు రంగు వేసుకోవడం దగ్గర్నుంచి చివరి రిహార్సల్ దాకా చిత్రించారు. స్పెయిన్ కవి, నాటకకర్త లోర్కా నాటకానికి గాడెస్ కట్టిన నాట్యరూపం అది. గాడెస్ 2004లో కన్నుమూశారు. ఈ రోజు ఫ్లమెంకో నేర్చుకునే పిల్లలు ఆయన నిలబడే తీరు, మడమ పడే తీరు ఆ సినిమాలో చూసుకోవచ్చు.

మరి మన కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు? స్త్రీవేషంలో సత్యభామగా ఆయన నడిచి వస్తుంటే జనం చూపు తిప్పుకునేవారు కాదు. 2012లో వెళ్లిపోయారు. ఆయన మీద రికార్డింగులు, డాక్యుమెంటరీలు లేవని అనను. కానీ ఆయన గానీ, ఆ తరం గురువులు గానీ వేషం కట్టడం నుంచి మంగళహారతి దాకా ఒక పూర్తి సినిమాగా, శ్రద్ధగా తీసిన ప్రతి ఎక్కడుంది? ఎక్కువ ప్రదర్శనల్లో మనకు మిగులుతున్నవి ఫోన్లలో తీసిన ముక్కలు. టీవీ వాళ్లు తీసినా, జతి నడుస్తుంటే కెమెరా ముఖం మీదకు పోతుంది. పాదం కనబడని కూచిపూడి ఏం కూచిపూడి! నట్టువాంగం పట్టిన, అంటే తాళాలతో నాట్యాన్ని నడిపించే మనిషి చేతులు చూపించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

మనకు నాట్యసినిమా కొత్త కాదు. సౌరా ‘కార్మెన్’ వచ్చిన 1983లోనే మన ‘సాగర సంగమం’ వచ్చింది. విశ్వనాథ్ గారు, సౌరా ఇద్దరూ 2023 ఫిబ్రవరిలో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. విశ్వనాథ్ గారు నాట్యకారుడి జీవితాన్ని కథగా చెప్పారు. నాట్యమే కథ చెప్పే సినిమా ఇంకా బాకీ ఉంది. 2022లో గోవా చిత్రోత్సవంలో సౌరాకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చుకున్నాం. ఆయన పద్ధతిని కూడా తెచ్చుకోవచ్చు కదా.

ఒక్క భామాకలాపంతో మొదలుపెట్టండి. కూచిపూడి గ్రామంలోనే, అక్కడి కుటుంబాలతోనే, తగిన పారితోషికం ఇచ్చి తీయండి. సగం సినిమా సాధనకు, గురువుల మాటలకు వదలండి. తర్వాత చిందు యక్షగానానికి, పేరిణికి అదే చేయండి. తీసినవి పాఠశాలల్లో, దూరదర్శన్‌లో ఉచితంగా చూపించండి. ఏ శాఖ దీనికి ఎంత డబ్బు కేటాయిస్తుందో సంబంధిత మంత్రులు ఈ పత్రిక ద్వారానే పాఠకులకు తెలియజేయాలని కోరుతున్నాను.

— ఒక నాట్యాభిమాని, మచిలీపట్నం