బిడ్డ పక్కన కూర్చునేవాళ్లకి ముందు పని నేర్పించండి

మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో నేను సపోర్ట్ పర్సన్‌ని. నేరానికి గురైన బిడ్డకి దర్యాప్తులోనూ, విచారణలోనూ తోడుండడం నా పని. బాలల సంక్షేమ కమిటీ మమ్మల్ని నియమిస్తుంది. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివాను. కోర్టు హాలు లోపల ఎలా ఉంటుందో మాత్రం నా మొదటి కేసు రోజే చూశాను.

పాపకి తొమ్మిదేళ్లు. వరండాలో ఒకే బల్ల. ఆ చివర ముద్దాయి తల్లి, ఈ చివర మేము. పాప నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. సాక్ష్యం చెప్పేటప్పుడు ముద్దాయి బిడ్డ కంటపడకూడదని చట్టంలో 36వ సెక్షన్ ఉంది. లోపల తెర కట్టారు కూడా. వరండా సంగతి ఎవరికీ తట్టలేదు. ముందే పీపీ (ప్రభుత్వ లాయరు) గారితో మాట్లాడి వేరే గది అడగొచ్చని నాకూ తెలీదు.

అంతకన్నా పెద్ద తప్పు కోర్టుకి వచ్చేటప్పుడు బస్సులో చేశాను. "ఏం జరిగిందో ఒకసారి చెప్పమ్మా, మర్చిపోకుండా ఉంటావు" అన్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను. జడ్జి గారి ద్వారా డిఫెన్స్ లాయరు అడిగించిన మొదటి ప్రశ్న: "దారిలో ఈ అక్క నీతో ఏం మాట్లాడింది?" పాప నా వైపు చూసింది. సంఘటన గురించి మనం అడగకూడదు, సాక్ష్యం నేర్పారన్న అనుమానం బిడ్డ మీదే పడుతుంది. ఈ ఒక్క ముక్క ముందు ఎవరైనా చెప్పి ఉంటే!

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ఒక పోక్సో కేసులో సుప్రీంకోర్టు సపోర్ట్ పర్సన్ల నియామకం, శిక్షణ, ఉద్యోగ షరతులు, ఎదుగుదల అన్నిటికీ ఏర్పాటు ఉండాలంది. 2020 నాటి పోక్సో నియమాలు మా పారితోషికం నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకూడదన్నాయి. అది నెలనెలా చేతికందితేనే మంచివాళ్లు ఈ పనిలో నిలుస్తారు.

శిక్షణంటే ఒకరోజు హాల్లో స్లైడ్లు చూపించడం కాదండీ. పోక్సో విచారణ ఇన్‌కెమెరా, అంటే బయటివాళ్లు లేకుండా జరుగుతుంది; చూసి నేర్చుకుందామన్నా కొత్తవాళ్లని రానివ్వరు. అందుకే మాక్ (నమూనా) విచారణ కావాలి, పాతవాళ్ల వెంట కొన్నాళ్లు తిరగడం కావాలి. మధ్యంతర పరిహారానికి తీర్పుదాకా ఆగక్కర్లేదని, ఎఫ్ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా అడగొచ్చని బిడ్డ తల్లికి చెప్పడం రావాలి. నేనది చాలా ఆలస్యంగా చెప్పాను.

మా జిల్లాలో ఇద్దరు కొత్తగా చేరారు. వచ్చే నెలలో వాళ్లకి మొదటి వాయిదా. ఈలోపు కనీసం ఖాళీ కోర్టు హాలైనా చూపించేలా ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక సపోర్ట్ పర్సన్