అప్పిచ్చినవారి పేరూ పాఠకుడికి తెలియాలి

సంపాదకులకు,

వార్తాసంస్థల యాజమాన్యం మీద చర్చ ఎప్పుడు వచ్చినా ఎవరికెంత వాటా ఉందన్న లెక్క దగ్గరే ఆగిపోతోంది. పట్టు చాలాసార్లు అప్పు పత్రంలో దాగి ఉంటుంది.

ఎన్‌డీటీవీ సంగతే చూడండి. ఆ చానల్ ప్రమోటర్ల కంపెనీ ఆర్‌ఆర్‌పీఆర్ హోల్డింగ్ 2009-10లో విశ్వప్రధాన్ కమర్షియల్ అనే సంస్థ దగ్గర 403 కోట్ల రూపాయలకు పైగా అప్పు తీసుకుని, బదులుగా వారెంట్లు రాసిచ్చింది. వాటిని షేర్లుగా మార్చుకుంటే ఆర్‌ఆర్‌పీఆర్‌లో 99.99 శాతం దాకా అప్పిచ్చినవారిదే అవుతుంది. ఆ ఆర్‌ఆర్‌పీఆర్ చేతిలో ఉన్నది ఎన్‌డీటీవీలో 29.18 శాతం. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు విశ్వప్రధాన్‌ను కొని ఆ హక్కు వాడుకుంది. అప్పటిదాకా స్టాక్ ఎక్స్ఛేంజీలకు మూణ్ణెల్లకోసారి వెళ్లే వాటాల పట్టికలో ఆర్‌ఆర్‌పీఆర్ పేరే ఉండేది. వారెంటు షేరుగా మారేవరకు వాటా కాదు కనుక పట్టిక నిబంధన ప్రకారం సరిగ్గానే ఉంది. లోపం నిబంధనలోనే ఉంది.

దీన్ని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ముందే పసిగట్టింది. 2014 ఆగస్టులో ఇచ్చిన సిఫార్సుల్లో 20 శాతం ఈక్విటీ ఉన్నవారితో పాటు, సంస్థ ఆస్తుల పుస్తక విలువలో (ఖాతాల్లో చూపిన విలువలో) 51 శాతానికి సమానమైన అప్పిచ్చినవారినీ నియంత్రణ ఉన్నవారిగానే లెక్కించమంది. అది చట్టం కాలేదు. 2022లో మళ్లీ సంప్రదింపుల పత్రం వెలువడింది.

డిజిటల్ వార్తలకు వచ్చేసరికి పరిస్థితి మరీ అన్యాయం. 1 శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు, చిరునామాలు ఏడాదికోసారి పత్రికలోనే అచ్చువేయాలని 1956 నాటి పత్రికల నమోదు నిబంధనలు అడిగాయి. మార్చి మొదట్లో కనిపిస్తూ వచ్చిన ఫారం-4 అదే. 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన కొత్త పత్రికా చట్టం అచ్చు పత్రికలకే పరిమితం. వెబ్‌సైట్లు 2021 ఐటీ నిబంధనల కింద 30 రోజుల్లో తమ వివరాలు సమాచార, ప్రసార శాఖకు ఇవ్వాలి. వాటాదారుల జాబితాను పాఠకుడి ముందు పెట్టాలని మాత్రం అందులో లేదు. విదేశీ పెట్టుబడికి అచ్చులో, డిజిటల్‌లో 26 శాతం, వార్తా చానళ్లలో 49 శాతం పరిమితి ఉంది. స్వదేశీ యజమాని ఒకరే పత్రిక, చానల్, వెబ్‌సైట్ మూడూ పెట్టుకుంటే అడ్డుచెప్పే నిబంధనే లేదు.

పాఠకుడు తనంతట తాను వెతకొచ్చుగా అంటారు. సైట్ అడుగున ప్రైవసీ పాలసీలో కంపెనీ పేరు పట్టుకోవాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి వార్షిక రిటర్ను ఎంజీటీ-7 చూస్తే వాటాదారులు, ఆర్థిక ఖాతాల ఫారం ఏఓసీ-4 చూస్తే అప్పులు తెలుస్తాయి. తాకట్టు లేని అప్పు, తాకట్టులు నమోదయ్యే ఛార్జీల జాబితాలో కనిపించదు, ఖాతాల నోట్స్ చదవాల్సిందే. వాటాదారు మరో కంపెనీ అయితే ఇదంతా మళ్లీ మొదటినుంచి. అసలు యజమానిని చెప్పే బీఈఎన్-2 ఫారం వాటా లెక్కలో కనీసం 10 శాతం ఉంటేనే వర్తిస్తుంది. మధ్యలో కంపెనీ ఉంటే అందులో ఆ మనిషికి సగానికి పైగా వాటా ఉండాలి. ఇద్దరు చెరిసగం పంచుకుంటే ఈ లెక్కకు ఇద్దరూ చిక్కరు. ఇక సొంత ప్రొప్రయిటర్‌షిప్ పేరిట నడిచే సైట్ ఆ పోర్టల్‌లోనే ఉండదు.

కాబట్టి ప్రతి వార్తా సైట్ ఒక పేజీలో కంపెనీ పేరు, దాని నమోదు సంఖ్య (సీఐఎన్), మనిషి పేరు తేలేదాకా 1 శాతం దాటిన వాటాదారులు, షేర్లుగా మారే అప్పులు ఇచ్చినవారు, ఏడాదిలో వచ్చిన ప్రభుత్వ ప్రకటనల సొమ్ము చూపాలి. మార్పు జరిగిన 30 రోజుల్లో సవరించాలి. ఐరోపా సమాఖ్యలో 2025 ఆగస్టు 8 నుంచి వర్తిస్తున్న మీడియా స్వేచ్ఛా చట్టం యజమానుల పేర్లతో పాటు ప్రభుత్వ ప్రకటనల ఆదాయాన్నీ బయటపెట్టమంటోంది. ఒక్కరే నడుపుకునే చిన్న సైట్‌కు పేరు చాలు, ఇంటి చిరునామా అడగకూడదు. దాడులు జరిగేది వాళ్ల మీదే.

పర్యవేక్షణ సమాచార, ప్రసార శాఖకు అప్పగించవద్దు. కేంద్ర ప్రకటనలు పంచే సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ ఆ శాఖ కిందే ఉంది. పార్లమెంటుకు జవాబుదారీగా ఉండే వేరే సంస్థకు ఇవ్వాలి. వివరాలు దాచినవారికి జరిమానా వేసే అధికారం దానికి చాలు. సైట్ మూయించే అధికారం ఇస్తే వివరాల నమోదు కాస్తా లైసెన్సు అయి కూర్చుంటుంది.

- ఒక కంపెనీ సెక్రటరీ