వార్షిక నివేదిక: పాత సినగాగ్ చోటు నుంచి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నేను మాత్రం ఈ ఏడాది మనం ఉంటున్న జర్మనీలోని డ్రెస్డెన్‌లో చేసిన చరిత్ర నడక గురించే ఎక్కువ చెప్తాను. చదువు కోసమో ఉద్యోగం కోసమో ఈ ఊరు వచ్చిన మనం, ఎల్బే నది దగ్గర కిటికీల్లేని, కాస్త మెలి తిరిగినట్టుండే ఆ కట్టడాన్ని చూస్తూనే ఉన్నాం. అది యూదుల కొత్త సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం. స్థలం తూర్పుకు తిరిగి లేదు కాబట్టి గోడను వరుస వరుసకూ కొంచెం కొంచెం తిప్పుతూ, పైకి వచ్చేసరికి తూర్పు ముఖం చేశారు. ఈ సంగతి తెలిశాక చాలామంది మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసొచ్చారు.

1837లో సొంత మందిరానికి వీలు కల్పించే చట్టం వచ్చేదాకా ఇక్కడి యూదులు ఇళ్ళలోనే ప్రార్థనలు చేసుకునేవారు. మూడేళ్ళకే, 1840 మేలో, సుమారు 500 మంది కూర్చునే మందిరం వెలిసింది. కట్టింది గాట్‌ఫ్రీడ్ సెంపర్. మనం ఫొటోలు దిగే ఒపేరా హౌస్‌కి ఉన్నది ఆయన పేరే. 1930ల మొదట్లో నగరంలో దాదాపు 5 వేల మంది యూదులు ఉండేవారు. 1938 నవంబర్ 9 రాత్రి నాజీలు ఆ మందిరాన్ని తగలబెట్టారు.

"ఫైర్ ఇంజన్ రాలేదా?" అని మన పిల్లల్లో ఒకరు అడిగారు. వచ్చింది. కానీ ఆర్పనివ్వలేదు. మిగిలిన గోడలు కూల్చి, ఆ ఖర్చు కూడా యూదుల మీదే వేశారు. ఆ తర్వాత 1942లో సుమారు 300 మందిని ఊరి బయట హెల్లర్‌బర్గ్ శిబిరంలో పెట్టి, 1943 మార్చిలో ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపేశారు. ఈ భాగం చెప్తున్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

ఆర్పడానికి వచ్చినవాళ్ళలో ఆల్‌ఫ్రెడ్ నోయ్‌గెబావర్ అనే ఫైర్‌మ్యాన్ ఉన్నారు. మందిరం శిఖరం మీది దావీదు నక్షత్రాన్ని, అంటే యూదుల గుర్తైన ఆరు కోణాల నక్షత్రాన్ని, ఆయన రహస్యంగా దాచారు. పట్టుబడితే ఏమయ్యేదో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. 1949లో దాన్ని యూదులకు తిరిగి ఇచ్చారు. అప్పటికి ఇక్కడ మిగిలినవాళ్ళు చాలా కొద్దిమంది. 1950లో శ్మశానంలోని ప్రార్థనాశాలనే సినగాగ్‌గా మార్చుకున్నారు. కొత్త సినగాగ్ తెరిచింది 2001 నవంబర్ 9న, మందిరం కాలిన తేదీనాడే. ఆ నక్షత్రం ఇప్పుడు దాని ద్వారం మీద ఉంది. ముందున్న ఆవరణలో పాత మందిరం హద్దుల్ని పగిలిన గాజుతో నేల మీద గీశారు. మన పిల్లలు ఆ గీత తొక్కకుండా దాటారు. వాళ్ళకెవరూ చెప్పలేదు.

వచ్చే నవంబర్ 9న నగరవాసులు అక్కడ జరుపుకునే సంస్మరణకు మనమూ వెళ్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వచ్చేవాళ్ళు అక్టోబర్ నెలాఖరులోగా పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి