మూడో హ్యాండిల్ బిగించిన చేతులకు

సంక్రాంతికి అన్నయ్యలిద్దరూ తెనాలి వచ్చారు. భోగి నాటి సాయంత్రం మా వెనక గదిలో ముగ్గురం ఒకే పాత వీడియో గేమ్ మెషీన్ ముందు భుజాలు రాసుకుంటూ నిలబడి ముస్తఫా ఆడాం. ఎడమవైపు పెద్దన్నయ్య, మధ్యలో చిన్నన్నయ్య, కుడివైపు నేను. “ఇంతోటి దానికి ఊరందరికీ చెప్పి కృతజ్ఞతలా?” అని మావారు నవ్వారు. ఆయనకేం, ఒక్కడే కొడుకు. ఆయన చేతిలోని ఆటవస్తువు ఎవరూ లాక్కోలేదు. ఆ మూడో చోటు కోసం నేను పాతికేళ్లు దాటి ఆగాను. దాన్ని చేసి ఇచ్చినవారికి నలుగురిలో దండం పెడితే తప్ప నా మనసు ఊరుకోదు. పేర్లు వేయవద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. ఏ పని ఎవరిదో చదివితే వారికే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు, 1990ల చివర్లో, మా వీధి మలుపులో వీడియో గేమ్ షాపు ఒకటి ఉండేది. రూపాయికి ఒక టోకెను. నాన్నగారు కునుకు తీసే మధ్యాహ్నాల్లో అన్నయ్యలు అక్కడికి జారుకునేవారు. ఇంట్లో చెప్పేస్తానన్న భయంతో నన్నూ వెంటబెట్టుకునేవారు. ఆడేది మాత్రం ఎప్పుడూ వాళ్లిద్దరే. టోకెన్లు గుప్పిట్లో పట్టుకోవడం, వెనక నుంచి ఎవడైనా వస్తుంటే అరవడం, ఇవీ నా ఉద్యోగాలు. మేము ముస్తఫా అని పిలిచిన ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. కాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. జాక్, హానా, ముస్తఫా, మెస్ అని అందులో నలుగురు వీరులుంటే, మన దేశంలో పిల్లలు ఒకడి పేరే ఆటకూ పెట్టేసుకున్నారు. ఒకేసారి ముగ్గురు ఆడేలా తయారుచేసిన ఆట అది. ఆ సంగతి నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మా షాపులోని మెషీన్‌కు ఉన్నవి రెండే హ్యాండిళ్లు, అంటే వీరుణ్ని నడిపే జాయ్‌స్టిక్‌లు. ఆట నన్ను రమ్మంటూనే ఉంది, హ్యాండిళ్లూ బటన్లూ బిగించే ముందు చెక్క, ఆ ప్యానెల్ మీదే చోటు లేదన్నమాట!

మొదటి కృతజ్ఞత ఆ షాపు నడిపిన పెద్దాయనకు. నిరుడు ఆయన గోడౌను ఖాళీ చేస్తూ, పాత ఇనుము వాడికి అమ్మేలోపు మా చిన్నన్నయ్యకు ఫోను చేశారు. పెట్టె చెదలు పట్టకుండా నిలిచింది. పిక్చర్ ట్యూబు వెలుగుతోంది, ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు పనిచేస్తోంది. ప్యానెల్ మాత్రం పోయింది. ప్లైవుడ్ తేమకు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, అంచు పొడవునా సిగరెట్లు కాల్చి పెట్టిన నల్లటి మచ్చలు. ఒక హ్యాండిల్ కుంటిది, రెండోది అసలు లేదు. నేను మచ్చలు చూస్తుంటే ఆయన మాత్రం బోర్డు పక్కన వాడకుండా మిగిలిన చిన్న కనెక్టర్ చూపించారు. “మూడో ప్లేయరు తీగలు ఇక్కడికి రావాలమ్మా. మాకు స్థలం చాలక ఎప్పుడూ పెట్టలేదు.” అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ పెట్టెకు రెండు హ్యాండిళ్ల ప్యానెల్ చేయించే ప్రసక్తే లేదని.

వడ్రంగి మేస్త్రిగారి దగ్గరికి పెద్ద ధీమాగా వెళ్లాను. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ఉంది, కొలతలున్నాయి. పెట్టె వెడల్పు 26 అంగుళాలు. మనిషికి 13 అంగుళాల చొప్పున ముగ్గురికి 39. రెండు పక్కలా ఆరున్నర అంగుళాలు బయటికి వస్తుంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగారు: “ఇది ఏ గుమ్మంలోంచి లోపలికి వస్తుందమ్మా?”

మా వెనక గది గుమ్మం రెండున్నర అడుగులు. నా బొమ్మలో గుమ్మం లేదు.

అక్కడి నుంచి పని ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది, అదే మంచిదైంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను చీల్చి 39 అంగుళాల ముక్క కోయించారు. దాన్ని రెండు కుర్చీల మీద పెట్టి, నన్నూ మావారినీ మా పనిమనిషినీ వరసగా నిలబెట్టారు. చేతులు ఎక్కడ వాలితే అక్కడ ఉంచమని, ఒక్కొక్కరి అరచేతి చుట్టూ పెన్సిల్ తిప్పారు. నా బొమ్మలో బటన్లు రెండూ స్కేలు పెట్టినట్టు అడ్డంగా ఉన్నాయి. అట్ట మీద ఎవరి చూపుడువేలూ మధ్యవేలూ ఒక గీత మీదికి రాలేదు; మధ్యవేలి కింది బటన్ ముప్పావు అంగుళం పైకి జరిగింది. మణికట్టు ఆనేచోట అంచును గుండ్రంగా చిత్రిక పట్టించారు. ఆయన జీవితంలో ఒక్క వీడియో గేమ్ ఆడలేదు. రోజూ ఎనిమిది గంటలు ఉలి పట్టుకునే మనిషికి మణికట్టు సంగతి ఇంకొకరు చెప్పాలా?

ప్యానెల్‌ను నాలుగు చెవుల బోల్టులతో ఊడదీసేలా చేశారు. పక్కలకు బయటికి వచ్చిన భాగాల కింద ఇనుప బ్రాకెట్లు బిగించి, పిల్లలు వేలాడితే పెట్టె ముందుకు తూలకుండా అడుగున ఇసుక బస్తా వేయించారు. ఎంత బతిమాలినా చెక్క ఖర్చు తప్ప కూలీ ముట్టుకోలేదు. అరిసెలు మాత్రం తీసుకున్నారు, అవి కూడా డబ్బా తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద.

బటన్ల దగ్గర నా తెలివి మరోసారి బయటపడింది. అందంగా ఉన్నాయని 30 మిల్లీమీటర్ల బటన్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. వాటికి కింద మర ఉండదు; పక్కల రెండు ప్లాస్టిక్ రెక్కలు టిక్కుమని పట్టుకోవాలి. పలచటి రేకుకైతే పట్టుకుంటాయి. మా ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లు. నొక్కితే లోపలికి వెళ్తున్నాయి, వేలు తీస్తే పైకి లేచి వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో ఈ తమాషా చూసి, ముందు కడుపారా నవ్వి, తర్వాత దారి చెప్పింది. పైన 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు వేసి దానికి 30 మిల్లీమీటర్ల రంధ్రాలు, కింద చెక్కలో అవే చోట్ల 40 మిల్లీమీటర్ల రంధ్రాలు. బటన్ రేకును పట్టుకుంటుంది, రేకు చెక్క మీద కూర్చుంటుంది. మర్నాడే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి రంగురంగుల తీగ, తీగ చివర తొడిగే లగ్గులు కొని ఆర్టీసీ కార్గోలో వేసింది. బటన్లకు 2.8, హ్యాండిల్ స్విచ్చులకు 4.8 మిల్లీమీటర్లవి, వేర్వేరు కవర్లలో, పైన తన వంకర చేతిరాతతో. నేనైతే రెండూ కలిపి ఒకే కవరులో వేసేదాన్నని దానికి తెలుసు.

రేకు కోసి ఇచ్చిన వెల్డింగ్ షాపు తమ్ముడికి కూడా ఇక్కడే చెబుతున్నాను. మొదటి రేకులో ఒక రంధ్రం పక్కకు పోతే నేను గమనించనే లేదు. తనే చూసుకుని, అడగకుండానే రెండోది కోశాడు.

ఇక టీవీ మెకానిక్ బాబాయిగారు. రిపేర్లు మానేసి పదేళ్లయిందట. పిక్చర్ ట్యూబు ఉందని చెబితే చాలు, చెప్పులు వేసుకుని బయలుదేరారు. వచ్చీ రాగానే నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నారు. ఆ ట్యూబుకు ఇరవై వేల వోల్టులకు పైగా అందుతుందని, ప్లగ్గు పీకినా ఆ చార్జి లోపల దాక్కునే ఉంటుందని చెప్పి, స్క్రూడ్రైవర్‌కు తీగ కట్టి, రెండో కొస ఛాసిస్‌కు, అంటే ట్యూబును పట్టి ఉంచే లోహపు చట్రానికి తగిలించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ట్యూబు మీది రబ్బరు మూత కింద డిస్చార్జి చేశారు. చిటుక్కుమన్న ఆ శబ్దం తర్వాత గాని నన్ను దగ్గరికి రానివ్వలేదు. పైన వేసిన ఇనుప రేకుకు ఎర్తు తీగ కలిపితేనే పిల్లల్ని ముట్టుకోనిస్తానన్నదీ ఆయనే. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

మూడో హ్యాండిల్ ఎందుకు అంత కష్టమో ఆయన బోర్డు అంచు చూపించి చెప్పారు. 1985లో జపాన్ తయారీదారులు జామా అనే ఒక ప్రమాణం పెట్టుకున్నారు. ఏ బోర్డునైనా ఏ పెట్టెలోనైనా పెట్టుకునేలా రెండు వైపులా 28 చొప్పున 56 కాంటాక్టులు. అందులో లెక్క ఇద్దరు ఆటగాళ్లకే. మూడోవాడి తీగలు పక్కదారిన రావలసిందే. ప్యానెల్ ఊడదీయాలి కాబట్టి తీగలన్నీ ఒకే ప్లగ్గులోకి రావాలని ఆయన పట్టు. లెక్క వేశాం: మనిషికి హ్యాండిల్‌లో నాలుగు స్విచ్చులు, దెబ్బకొకటి, దూకడానికొకటి, స్టార్ట్ ఒకటి, మొత్తం ఏడు. ముగ్గురికి 21. అన్నింటినీ చుట్టి వచ్చే గ్రౌండు తీగ ఒకటి. ఆయన అటక మీద పాత ప్రింటర్ల 25 పిన్నుల కనెక్టర్ దొరికింది. మిగిలిన మూడు పిన్నుల్లో రెండు గ్రౌండుకే ఇచ్చి, ఒకటి ఖాళీగా ఉంచారు.

మూడో హ్యాండిల్ తీగలు నేనే వేస్తానన్నాను. సరేనన్నారు. స్విచ్ వేశాం. నేను కుడికి తోస్తే నా మెస్ ఎడమకు నడిచాడు. పైకి తోస్తే కిందికి దిగాడు. బాబాయిగారు ఏమీ అనకుండా జేబులోంచి పెన్ను తీసి, నడుమ రెండు వేళ్లతో పట్టుకుని, పై కొసను కుడికి వంచారు. కింది కొస ఎడమకు వెళ్లింది. “నొక్కుకునేది ఏ స్విచ్చు, అమ్మాయీ?” కుడికి తోసినప్పుడు నొక్కుకునేది ఎడమవైపు స్విచ్చు. నేను కుడి తీగను కుడి స్విచ్చుకే ఇచ్చాను, బుద్ధిగా. నాలుగు లగ్గులూ పీకి మళ్లీ తొడిగాను. ఆయన మిగిలిన రెండు హ్యాండిళ్లూ పన్నెండు నిమిషాల్లో పూర్తిచేశారు. నాకు ఒక్కదానికే గంటన్నర పట్టింది.

ఒక తప్పు మాత్రం అందరం కలిసే చేశాం. పక్కన నిలబడేవాళ్లు ఏటవాలుగా తెర వైపు తిరుగుతారు కదా అని, చివరి రెండు హ్యాండిళ్లనూ వాళ్ల వైపు కొంచెం తిప్పి బిగించాం. చూడటానికి ముచ్చటగా ఉంది. మా చిన్నన్నయ్య కొడుకు దసరా సెలవుల్లో వచ్చి ఎడమ చివర ఆడితే, వాడి వీరుడు నేరుగా నడవడు. ప్రతిసారీ మూలకు జరిగి గోడకు ఆనుకుంటాడు. పిల్లవాడు తన చేతినే తిట్టుకుంటున్నాడు. మళ్లీ షాపు పెద్దాయనే వచ్చి, హ్యాండిల్ మీద అరచేయి పెట్టి ఒకసారి తిప్పి చూసి, “పై దిక్కు తెరకు ఎదురుగా ఉండాలి గాని మనిషికి కాదు” అన్నారు. మనిషి ఎటు తిరిగినా కళ్లు తెర మీదే ఉంటాయి కాబట్టి చెయ్యి దాని లెక్కే పట్టుకుంటుందట. మేస్త్రిగారు కింద చెక్కలో తొలిచిన గుంటలు రెండూ సరిచేసి, బోల్టు రంధ్రాలు మళ్లీ వేశారు. పాత రంధ్రాలు ఇప్పటికీ కింద కనిపిస్తాయి.

భోగి నాడు తొమ్మిది టోకెన్లు అయ్యాయి. పెద్దన్నయ్య ఇప్పటికీ నా వంతు తిండి తనే తినేస్తాడు. తెరమీద సంగతి చెబుతున్నాను. మూడో దశలో ఇద్దరూ చనిపోయి, నేనొక్కదాన్నే మిగిలాను. వాళ్లిద్దరూ నా వెనక నిలబడి “వెనక, వెనక” అని అరిచారు.

అట్ట నమూనా మా ఇంట్లోనే ఉంది, చేతుల గీతలతో సహా. తెనాలి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఇలాంటి పెట్టె ఉంటే వచ్చి గీసుకోవచ్చు. బటన్లు నాలుగు మిగిలాయి, అవీ తీసుకువెళ్లండి. మేస్త్రిగారూ, మీ చిత్రిక బ్లేడు ఒకటి మా వరండాలో మరిచిపోయారు, అరిసెల డబ్బా తేవడానికి వచ్చినప్పుడు ఇస్తాను. బాబాయిగారూ, కుడివైపు స్టార్ట్ బటన్ అప్పుడప్పుడు రెండుసార్లు నొక్కితే గాని పలకడం లేదు. అది నేను వేసిన లగ్గే.