వగరు కబురు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకోకు. పరీక్షలు అయ్యాయి, గది మారాను, అమ్మ మోకాలు ఇప్పుడు నయం. మిగతావి తర్వాత, ముందు ఇది విను.

వారం రోజులు ద్రాక్ష కోసొచ్చానురా! ఇటలీలో, తూరిన్‌కి దక్షిణాన, ఆల్బా ఊరు దాటాక లాంగే కొండలు. బరోలో వైను ఇక్కడిదే. 11 ఊళ్ళ పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతోనే చెయ్యాలి, వేరే రకం కలిపితే ఆ పేరు పెట్టనివ్వరు.

మీ తాత తోటలో పందిరి కింద పడుకుని అనాబ్-ఎ-షాహి గుత్తులు నోటితో అందుకునేవాళ్ళం, గుర్తుందా? (బావి పంచాయితీ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఒట్టు.) ఇక్కడ పందిళ్ళు లేవు. వాలు మీద రాటలు పాతి, తీగలు లాగి వరసలుగా పెంచుతారు. గుత్తులు నడుం కిందకి వేలాడతాయి, రోజంతా వంగే ఉండాలి.

పొద్దున్నే ఎంత పొగమంచనుకున్నావ్! పక్క వరసలో దగ్గు వినపడుతుంది, మనిషి కనపడడు. పొగమంచుని వీళ్ళు నెబ్బియా అంటారు, ద్రాక్షకి ఆ పేరు అందుకే వచ్చిందని చాలామంది మాట. తోట పెద్దాయన మాత్రం కాదంటాడు, గింజ మీద విభూతి రాసినట్టుండే పొర వల్లేనట. బొటనవేలితో రుద్ది చూశాను. పొర పోయి కింద నల్లటి ఊదా మెరిసింది. దోల్చెత్తో, బర్బేరా రకాలు ముందే కోసేశారు. ఈ నెబ్బియోలో అన్నిటికన్నా ముందు చిగురేసి అన్నిటికన్నా ఆఖర్న పండుతుంది, మొండిది.

ఆఖరి రోజు పెద్దాయన బరోలో పోశాడు. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలట. రంగు చూస్తే ఇంత పల్చనా అనిపించింది, అంచున ఇటుక రంగు. వాసన గులాబీలా ఉంది. నోట్లో పోసుకున్నానో లేదో, నేరేడుపళ్ళు తిన్నాక నాలుక బిగుసుకుపోతుంది చూడు, అచ్చం అదే! 'వగరు' అని గట్టిగా అనేశాను. ఆయన ఏమిటన్నాడు. నాలుక చూపించి చెప్పాను. ఆ వగరు తెచ్చేవాటిని వాళ్ళు తన్నీనీ అంటారట. 'వగరో, వగరో' అని రెండుసార్లు పలికి, మా ఇద్దరి గ్లాసులూ మళ్ళీ నింపాడు.

అప్పుడు మీ తాత గుర్తొచ్చాడురా. ఈ కొండల్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. మన తోట ప్లాట్లయింది. ఆయన ఈ వాలు చూసుంటే మట్టి నలిపి చూసేవాడు, ఇంకా... సరేలే.

నీకు తీపే కదా ఇష్టం, మోస్కాతో దాస్తి అనే తీపి వైను తెస్తాను. నురగ, తేనె వాసన, ఆల్కహాల్ 5 శాతం చిల్లర, అంతే. పెద్దాయన ఇంకో మాట చెప్పాడు, మంచు ముందు కరిగే వాలులోనే మంచి వైను పుడుతుందని, ఎందుకంటే అక్కడ... అయ్యో, రైలొచ్చేసింది, ఆల్బా స్టేషన్‌లోంచే రాస్తున్నా, మిగతాది మళ్ళీ