మారికోపాలో ఇల్లు కొనే ముందు

రేయ్ రఘూ,

అరిజోనాలో మా మారికోపాలో కొందామని నువ్వు పంపిన ఇంటి ఫోటోలు చూశాను. నాలుగు బెడ్‌రూములు, మూడు కార్ల గ్యారేజీ, వెనకాల ఇంత పెరడు, ధర మూడున్నర లక్షల డాలర్లు. న్యూజెర్సీ ఎడిసన్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకు మీరు కట్టే అద్దె తలుచుకుంటే, ఇవి చూశాక మీకు మనసు లాగడం సహజమే. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం వాణి చెల్లెమ్మకు వేరేలా చేరుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇద్దరూ కలిసి చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. మీ ఇద్దరిలో ఒక్కరే రోజూ ఫీనిక్స్ శివారు చాండ్లర్‌కు ఆఫీసుకు వెళ్లేట్టయితే మారికోపా మీకు బాగుంటుంది, ధైర్యంగా రండి. ఇద్దరూ రెండు కార్లలో రోజూ వెళ్లాల్సి వస్తే మాత్రం ఇక్కడ కొనొద్దు. మాకు నడుస్తున్నదంటే స్వప్న ఇంటినుంచే పనిచేస్తోంది, నేను వారంలో మూడు రోజులే ఆఫీసుకు వెళ్తున్నాను. మమ్మల్ని చూసి మీరు లెక్క వేసుకుంటే తప్పిపోతుంది.

ఈ ఊరు ఎందుకు చవకో తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. 2000 జనాభా లెక్కల్లో ఇక్కడ ఉన్నది వెయ్యి మంది చిల్లర. చుట్టూ పత్తి చేలు, పశువుల మేతకు అల్ఫాల్ఫా గడ్డి. 2003లో నగరమైంది. 2020 లెక్కలకు 58 వేలు దాటింది. చేలన్నీ కాలనీలయ్యాయి. అయితే మనకూ చాండ్లర్‌కూ మధ్య ఉన్న భూమి గిలా రివర్ ఇండియన్ కమ్యూనిటీది. అది అకిమెల్ ఓఓధమ్, పీ పోష్ తెగల వాళ్ల సొంత భూమి. అక్కడ బిల్డర్లు వచ్చి వెంచర్లు వేయడం కుదరదు. అందుకే నగరం అక్కడ ఆగిపోయి, అంత ఖాళీ దాటాక మళ్లీ మా ఊరు మొదలవుతుంది. ఆ ఖాళీని దాటడానికి అందరూ నమ్ముకున్నది ఒకే ఒక్క రోడ్డు, స్టేట్ రూట్ 347. ఆ దూరానికి తగ్గట్టే ఇళ్ల ధర తగ్గింది.

347 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ రోజు ఎలా గడుస్తుందో నిర్ణయించేది అదే. ఖాళీగా ఉంటే హాయిగా ఉంటుంది, ఒక పక్క ఎస్ట్రెల్లా కొండలు, పైన పెద్ద ఆకాశం. కానీ పొద్దున పనికి వెళ్లే వేళ ఊరు ఊరంతా దాని మీదే ఉంటుంది. సిగ్నళ్ల దగ్గర, ముఖ్యంగా రిగ్స్ రోడ్డు దగ్గర, బండ్లు బారులు తీరతాయి. ప్రైస్ రోడ్ వైపు నీ ఆఫీసుకు పాతిక మైళ్లు వేసుకో. మంచి రోజున 40 నిమిషాలు. యాక్సిడెంట్ అయి రోడ్డు మూసేస్తే కాసా గ్రాండే మీదుగా చుట్టూ తిరిగి ఐ-10 హైవే ఎక్కాలి, ఆ రోజు ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. డేకేర్ సాయంత్రం ఆరుకు మూసేస్తారు, నువ్వు రోడ్డు మీదే ఉంటావు. ఆ టెన్షన్ ఏ జీతంతోనూ తగ్గదు. రోడ్డు బాగుపడుతుందని ఏజెంట్లు చెబుతారు. 2017లో మా ఊరుండే పినాల్ కౌంటీ జనం రోడ్లకోసం తమ మీద తామే సేల్స్ టాక్స్ వేసుకోవడానికి ఓటేశారు, 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇవాళ్టి రోడ్డు చూసి కొను, రాబోయే రోడ్డు చూసి కాదు.

ఇంకో మాట. ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్లడం నీకు అలవాటు. మారికోపాలోనూ ఆమ్‌ట్రాక్ స్టేషన్ ఉంది. అది లాస్ ఏంజెలిస్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్లే దూరప్రయాణపు రైలుకు, అదీ వారానికి మూడు రోజులే. ఆఫీసుకు వెళ్లడానికి పనికిరాదు. ఇక్కడ కారు లేకపోతే కాలు బయట పెట్టలేం.

ఇప్పుడు డబ్బు లెక్క, ఇది చెల్లెమ్మకు చూపించు. చాండ్లర్‌లో ఇలాంటి ఇల్లు ఐదు లక్షలు దాటుతుంది. తేడా 1,60,000 అనుకుందాం. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల అప్పు అయితే ఆ తేడాకు నెలకు దాదాపు 1,010 డాలర్లు, ఏడాదికి 12,100. ఇది మిగులు. ఖర్చు వైపు చూడు. రోజుకు రాకపోకలు 50 మైళ్లు, ఏడాదికి 240 పనిరోజులు, అంటే 12,000 మైళ్లు. కారు అరుగుదల, పెట్రోలు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) 2025కు పెట్టిన రేటు మైలుకు 70 సెంట్లు. ఒక కారుకు 8,400 డాలర్లు. రెండు కార్లకు 16,800. ఒకరు వెళ్తే ఇంకా మూడు నాలుగు వేలు చేతిలో ఉంటాయి. ఇద్దరు వెళ్తే చాండ్లర్ ఇల్లే చవక, పైగా రోజూ ఇద్దరూ కలిపి రోడ్డు మీద పోగొట్టుకునే గంటలు వేరు. ఆ గంటలు పాప దగ్గర ఉండాల్సినవి.

పన్నులు ఇక్కడ ఊరటే. అరిజోనాలో 2023 నుంచి రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ 2.5 శాతం. ఇంటి పన్ను న్యూజెర్సీతో పోలిస్తే చాలా తక్కువ. హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, లేని కాలనీ దాదాపు దొరకదు, నెలనెలా కట్టాలి. ఇల్లు అద్దెకివ్వడానికి ఏమైనా అడ్డు పెట్టారేమో వాళ్ల నిబంధనల్లో చూడు. ఎందుకో కింద చెప్తాను.

ఎండ సంగతి. మనం అనంతపురం వాళ్లం, ఎండ మనకేం కొత్త అని నువ్వు అంటావని తెలుసు. అక్కడ ఏప్రిల్, మే గట్టిగా కాస్తే జూన్‌లో గాలి మారుతుంది. ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా వదలదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43 దాటింది. 2024లో 113 రోజులు వరసగా వంద ఫారన్‌హీట్ పైనే. జులైలో చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. కారు బ్యాటరీలు రెండు మూడేళ్లకే పోతాయి. పిల్లలు పొద్దున్నే ఆడుకోవాలి, లేదా చీకటి పడ్డాక. బడులు మాత్రం జులైలోనే తెరుస్తారు. మాకున్న ఒక మేలు ఏంటంటే ఫీనిక్స్ నడిబొడ్డులా ఇక్కడ అంత కాంక్రీటు లేదు, రాత్రికి కొంచెం చల్లబడుతుంది. కొనే ముందు ఏసీ ఏ ఏడాదిదో తప్పకుండా అడుగు. ఎండాకాలంలో అది ఆగితే ఇంట్లో ఉండలేరు, ముసలివాళ్లకైతే ప్రాణం మీదకొస్తుంది.

దుమ్ము గురించి ఫోటోల్లో కనిపించదు. వానాకాలంలో, అంటే జూన్ మధ్యనుంచి సెప్టెంబరు దాకా, ఒక్కోసారి గోడలాగా దుమ్ము లేస్తుంది. హబూబ్ అంటారు. డ్రైవింగ్‌లో ఉండగా వస్తే రోడ్డు వదిలి బాగా పక్కకు ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీదనుంచి కాలు తీసేయాలి. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు అదే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు. చెల్లెమ్మకు కూడా ఇది ముందే నేర్పు. ఈ మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది, దానివల్ల వచ్చే జబ్బును వ్యాలీ ఫీవర్ అంటారు. దేశంలో నమోదయ్యే కేసుల్లో ఎక్కువ భాగం అరిజోనా, కాలిఫోర్నియాలవే. మనిషినుంచి మనిషికి అంటదు. కానీ ఫ్లూలాగే ఉంటుంది కాబట్టి బయటినుంచి వచ్చినవాళ్లకు తట్టదు. దగ్గు, జ్వరం, నీరసం వారాల తరబడి తగ్గకపోతే వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని నువ్వే అడుగు. నీకు షుగర్ ఉంది కాబట్టి మరీ చెబుతున్నా, షుగర్ ఉన్నవాళ్లకు అది ముదిరే ప్రమాదం ఎక్కువ.

తేళ్లు ఉంటాయి. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే చీకట్లో మెరుస్తాయి, కొత్త ఇంట్లో మొదటి వారం గోడల వెంట చూసుకోండి. గాలి ఒక వైపునుంచి వీస్తే పశువుల ఫారాల వాసన కొన్ని కాలనీలకు గట్టిగా వస్తుంది. ఇల్లు చూడ్డానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లు.

నీళ్ల గురించి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఎండిన బోర్లు చూస్తూ పెరిగినవాళ్లం మనం, నీకు వేరే చెప్పక్కర్లేదు. 1980 చట్టం ప్రకారం ఇక్కడ కొత్త కాలనీ వేయాలంటే 100 ఏళ్లకు సరిపడా నీళ్లున్నాయని రాష్ట్రానికి చూపించాలి. 2019లో రాష్ట్ర జలవనరుల శాఖ లెక్క తీస్తే పినాల్‌లో నూరేళ్ల అవసరాలకు భూగర్భ జలం చాలదని తేలింది. 2021లో ఇక భూగర్భ జలం చూపించి కొత్త అనుమతులు తీసుకోవడం కుదరదన్నారు. ఆ మరుసటేడు కొలరాడో నది కొరతవల్ల పినాల్ రైతులకు కాలువ నీళ్లు బాగా తెగ్గోశారు. అప్పటికే అనుమతి ఉన్న కాలనీలకు ఆ నిర్ణయం తగలదు, కాబట్టి రేపే కుళాయి ఎండిపోతుందని భయపెట్టను. కానీ నువ్వు కొనేది కొత్త ఇల్లయితే బిల్డర్ ఇచ్చే పబ్లిక్ రిపోర్టులో నీటి సరఫరా గురించి ఏం రాశారో చదివాకే సంతకం పెట్టు. నీళ్లు తోడేసిన చోట్ల ఈ కౌంటీలో నేల కుంగి పగుళ్లు కూడా వచ్చాయి. అరిజోనా జియలాజికల్ సర్వే ఆ పగుళ్ల మ్యాపులు ఉచితంగానే ఇస్తుంది. స్థలం దాంట్లో ఎక్కడ పడుతుందో చూసుకో.

మంచి విషయాలు తక్కువేం లేవు, లేకపోతే మేం ఉండేవాళ్లం కాదు. నవంబరు నుంచి మార్చి దాకా ఇంత చక్కటి వాతావరణం ఎక్కడా చూడలేదు. పెరట్లో కరివేపాకు, మునగ, మల్లె పెరుగుతాయి. గోంగూరకు, బెండకు ఈ ఎండ బాగా పడుతుంది. చలికాలంలో ఒకటి రెండు రాత్రులు మంచు పడితే మునగ పైన మాడుతుంది, మళ్లీ మొదట్లోంచి చిగురిస్తుంది. మహాగణపతి గుడి మారికోపాలోనే ఉంది, చాండ్లర్, టెంపే వాళ్లంతా పండక్కి మా ఊరికే వస్తారు. వినాయక చవితికి అక్కడ తెలుగు వినపడని మూల ఉండదు. అరిజోనాలో గడియారాలు మార్చరు. ఏడాది పొడుగునా ఇండియా మనకంటే పన్నెండున్నర గంటలు ముందు. ఇక్కడ పొద్దున ఎనిమిదంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అమ్మ భోంచేసి కూర్చునే వేళ. సరుకులకు మేం చాండ్లర్ వెళ్తాం. పెద్ద ఆసుపత్రి కావాలన్నా చాండ్లరో, కాసా గ్రాండేనో. అమ్మానాన్నలు వచ్చి ఉండే ఆలోచన ఉంటే అది గుర్తుంచుకో.

చివరిగా, నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది నీ వీసా. ఇంకా హెచ్1బీలోనే ఉన్నావు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆలోపు ఇల్లు అమ్ముడుపోతుందని ఎవరూ హామీ ఇవ్వరు, అద్దెకివ్వాల్సి వస్తుంది, అందుకే హెచ్‌ఓఏ నిబంధనలు చూడమన్నది. కొత్త ఉద్యోగం ఉత్తర ఫీనిక్స్‌లో టీఎస్‌ఎంసీ చిప్ ఫ్యాక్టరీ వైపు దొరికిందనుకో, ఇక్కడినుంచి దాదాపు 60 మైళ్లు. ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో ఉంచుకోకుండా ఈ ఊళ్లో ఇల్లు కొనొద్దు. ఈ ఒక్కటి నా కోసం విను.

నా సలహా ఇది. ముందు ఏడాది ఇక్కడే అద్దెకు తీసుకోండి. ఒక ఎండాకాలం గడవనివ్వండి. అంతవరకు ఎందుకు అనుకుంటే, జులైలో మా ఇంటికి రండి, ఒక వారం ఉండండి. సోమవారం పొద్దున ఆరున్నరకు నా కారు తీసుకుని నువ్వు, స్వప్న కారులో చెల్లెమ్మ, ఎవరి ఆఫీసుకు వాళ్లు వెళ్లి సాయంత్రం తిరిగి రండి. శుక్రవారం దాకా అలాగే చేయండి. పాపను మేం చూసుకుంటాం.

ఈలోపు నాకు తెలియాల్సింది ఒకటుంది. చెల్లెమ్మ కొత్త ఉద్యోగంలో ఇంటినుంచి పని ఎన్ని రోజులు? ఆఫర్ లెటర్‌లో ఉందా, మేనేజర్ నోటిమాటేనా? అది కనుక్కుని రాయి. ఏజెంట్‌కు అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

నీ
శివ