నీ గొంతు పాడ్‌కాస్ట్‌లో వింటున్నాను

తెనాలి,
కార్తీక సోమవారం, 2025, సాయంత్రం

బుజ్జీ,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మొంథా తుపానుకి పెరట్లో అరటిచెట్లు ఒరిగిపోయాయి గానీ ఇంటికేమీ కాలేదు. పెద్దత్త మోకాలినొప్పి అలాగే ఉంది, అయినా తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం మాత్రం మానదు. మీ నాన్న షుగరు పరవాలేదు. కార్గోలో నీకు సామాను పంపుతున్నాం కదా, అందులోనే పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి తప్ప జవాబు రావడం లేదు.

ఫోను చేయట్లేదని నిష్ఠూరమాడటానికి కాదులే రాసేది. నువ్వూ నీ స్నేహితులూ మాట్లాడి రికార్డు చేసి పెడుతున్న పాడ్‌కాస్ట్ గురించి రాయాలనిపించింది. లక్ష్మక్క కొడుకు నా ఫోనులో పెట్టిచ్చాడు. ఉన్నవన్నీ విన్నాను. వంట చేసుకుంటూ ఒకసారి, రాత్రి పడుకున్నాక ఇంకోసారి. నలుగురూ బాగా మాట్లాడుతున్నారు. నువ్వు ఇంకా బాగా మాట్లాడుతున్నావు. కాకపోతే ఆ గబగబా తగ్గించు, వాక్యం చివర మింగేస్తున్నావు. రెండో భాగంలో మధ్యలో దగ్గావు. మూడో దాంట్లోనూ దగ్గావు. అది పొడిదగ్గు. ఏసీ గదిలో కూర్చుని రికార్డు చేస్తున్నారా? మిరియాలు దంచి చిన్న డబ్బాలో పెట్టాను, రాత్రిపూట వేడిపాలల్లో వేసుకో. హాస్టల్లో పాలు నీళ్లలా ఉంటాయంటావు, అయితే తేనెలో కలుపుకుని నాకు.

పాత సినిమాలు మళ్లీ విడుదల చెయ్యడం గురించి మీరు చెప్పింది నాకు నచ్చింది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి పోకిరి వేసినప్పటి నుంచి ఈ హంగామా పెరిగిందన్నారు. హంగామా వరకూ నిజమే. పాత సినిమా మళ్లీ హాల్లోకి రావడం మాత్రం కొత్త కాదమ్మా. మా చిన్నప్పుడు పాత సినిమాలు ఉదయం ఆటలుగా తక్కువ టికెట్టుకి వేసేవాళ్లు. అమ్మమ్మ వంట ముగించి మమ్మల్ని వెంటేసుకుని పరిగెత్తేది. 1957 నాటి మాయాబజార్‌కి 2010లో రంగులేసి వదిలితే నిన్నూ తీసుకెళ్లాం. ఘటోత్కచుడు రాగానే నాన్న చొక్కాలో మొహం దాచుకున్నావు. అప్పుడు మళ్లీ ఎప్పుడు చూస్తామో తెలియక వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఫోనులో ఉన్న సినిమాకే డబ్బు పెట్టి వెళ్తున్నారంటే చూడటానికి కాదు, పదిమందితో కలిసి ఆ డైలాగు చెప్పడానికి. పద్యనాటకంలో వన్స్‌మోర్ కొట్టిందీ అందుకే. కథ తెలుసు, పద్యం కంఠతా వచ్చు, అయినా ఆ నటుడి గొంతులో ఆ రాత్రి మళ్లీ వినాలి. మీ పాడ్‌కాస్ట్‌లో ఈ మాట ఎవరైనా అంటారేమోనని చివరిదాకా ఎదురుచూశాను.

ఒక పాటలో ఇంకోటి కలిపే మాష్‌అప్‌ల గురించి కూడా మీ నలుగురిలో ఆ కళ్లద్దాల అబ్బాయి ఏదో ఇప్పుడే పుట్టినట్టు మాట్లాడాడు. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో జనం కన్నీళ్లు పెట్టుకునే పద్యాలు జాషువా గారివి. నాటకమేమో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. జాషువా గారు విడిగా రాసుకున్న శ్మశాన పద్యాలని నటులు తెచ్చి అందులో కలిపి పాడారు, అవి అక్కడే అతుక్కుపోయాయి. ఈ సంగతి నువ్వు ఆ అబ్బాయికి చెప్పు. గట్టిగా కాదు, నెమ్మదిగా చెప్పు.

చిట్టి మావయ్య మొన్న హైదరాబాదు నుంచి వస్తూ మనింట్లో దిగాడు. మంగళవారం పొద్దున పదకొండింటికి లామకాన్‌లో నిన్ను చూశాడట. నువ్వు చూడలేదట. మీ నలుగురూ చెట్టుకింద కూర్చుని పెద్దపెద్దగా వాదించుకుంటున్నారట. లామకాన్ మంచి చోటేనని నాకూ తెలుసు. నాటకాలు, పాటలు, పుస్తకాల మాటలు ఉంటాయి, డబ్బులేని పిల్లలు కూడా టీ తాగుతూ కూర్చోవచ్చు. వెళ్లద్దని నేననను. మంగళవారం పదకొండింటికి మీకు ల్యాబు ఉంటుందని జూన్‌లో నువ్వే చెప్పావు, అదొక్కటే నా మనసులో తిరుగుతోంది. మార్చారేమో.

ఆ కొరియా పాటల బృందం బీటీఎస్ పిల్లల గురించి మాట్లాడిన భాగంలో మీ స్నేహితురాలు ఒకమ్మాయి, మగపిల్లలు మొహానికి మేకప్ వేసుకుని సున్నితంగా కనిపించడాన్ని మెచ్చుకునే ప్రేక్షకులు మనకి ఎప్పుడూ లేరంది. అక్కడ నేను ఫోను ఆపేశాను. ఈ ఊళ్లో రామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఆడవాళ్లు ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నారని మా నాన్నమ్మ చెప్పేది. ‘మీరజాలగలడా నాయానతి’ ఆయన రాసుకుని ఆయన పాడిందే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడవేషం వేస్తే మన జనం వెక్కిరించారా? రాత్రంతా కూర్చుని చూశారు. మీరు సియోల్ గురించి మాట్లాడండి, నాకు సంతోషమే, కానీ నువ్వు తెనాలి పిల్లవి. నీ నోటినుంచి స్థానం వారి పేరు ఒక్కసారి రావాల్సింది.

ఆ ఏడుగురి పోస్టరు నీ మంచం పక్క గోడకి ఇంకా ఉందా? వాళ్ల గురించి నేనూ చదివాను. 2022 చివర్లో మొదలుపెట్టి వంతులవారీగా తప్పనిసరి సైనిక సేవ చేసి మొన్న జూన్‌కి అందరూ బయటికొచ్చారట. ప్రపంచమంతా ఎదురుచూస్తున్నా పాటలు పక్కనపెట్టి, చెయ్యాల్సింది పూర్తిచేసి వచ్చారు. మీకేమో 75 శాతం హాజరు ఉంటే చాలు. 65 దాకా అయితే ఫీజు కట్టి కండోనేషన్, అదే మినహాయింపు, అడగొచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్ అంటారు, ఏడాది పోతుంది. ఇవన్నీ నీకు తెలియవని కాదు. రవణమ్మ గారి మనవడికి అలాగే అయింది కనుక గుర్తొచ్చింది.

ఇక జిబ్లీ బొమ్మల భాగం, అదే జపాను కార్టూన్ సినిమాల తీరులో ఏఐ గీసేవి. దాని గురించే ఎక్కువ రాయాలని కూర్చున్నాను. మార్చిలో ఊరంతా ఫోటోలు అలా మార్చుకున్నప్పుడు లక్ష్మక్క కొడుకు మన గృహప్రవేశం ఫోటో కూడా మార్చాడు. ముచ్చటగానే ఉంది. మీరు ఆ జిబ్లీ సినిమాలు తీసిన మియజాకి గారి మాట చెప్పారు, యంత్రం చేసిన యానిమేషన్ ఆయనకి చూపిస్తే అది ప్రాణానికే అవమానమన్నాడని. కాపీరైటు గురించి, కంపెనీల గురించి అంతసేపు మాట్లాడారు. ఒక్కసారైనా రంగుల తాతయ్య పేరెత్తుతావేమో అనుకున్నాను. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చునేగా సున్నాలు చుట్టడం నేర్చుకున్నావు.

నీకు తెలియని సంగతొకటి చెప్తాను. నేను ఆరో తరగతో ఏడో తరగతో. సంక్రాంతికి పెద్ద హీరో సినిమా వస్తోంది. హాలు వెనక రేకులషెడ్డులో మా బాబాయి, అదే నీ రంగుల తాతయ్య, బ్యానరు వేస్తున్నాడు. పంపిణీదారు ఇచ్చిన స్టిల్ మీద పెన్సిలుతో గళ్లు గీసుకునేవాడు. బ్యానరు గుడ్డ మీద సుద్దపొడి రాసిన దారం లాగి అవే గళ్లు పెద్దవిగా కొట్టేవాడు. గడికి గడి చూసుకుంటూ బొగ్గుతో గీత. చొక్కాలు, కొండలు, మంటలు కుర్రాళ్లు వేసేవాళ్లు. మొహం మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రాత్రి మీ తాతయ్యతో కలిసి నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్లాను. బాబాయి నిచ్చెన మీదున్నాడు. బ్యానరు అప్పటికే హాలు ముందు కట్టేశారు, చివరి మెరుగులు దిద్దుతున్నాడు. అభిమాన సంఘం కుర్రాళ్లు పదిహేనుమంది దాకా వచ్చి పడ్డారు. మా హీరో బుగ్గ మీద ఆకుపచ్చ ఏంటి, గడ్డం కింద నీలం ఏంటి, నువ్వు అవతలి హీరో మనిషివా అని కేకలు. ఒకడు నిచ్చెన పట్టుకుని ఊపాడు. నేను తాతయ్య పంచె పట్టుకుని వణికిపోతున్నాను. బాబాయి కిందికి దిగలేదు. వెనక్కి కూడా తిరగలేదు. “రోడ్డు దాటి రిక్షా స్టాండు దగ్గర నిలబడి చూసి రండి. అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాడు. తిట్టుకుంటూనే వెళ్లారు. నేనూ వాళ్ల వెనకే వెళ్లాను. అక్కణ్నుంచి చూస్తే ఆకుపచ్చా లేదు, నీలమూ లేదు. లైట్ల వెలుగులో మనిషి మొహం, కింద నీడ, కళ్లలో తడి. ఎవరూ మాట్లాడలేదు. సంఘం అధ్యక్షుడు తిరిగొచ్చి నిచ్చెన పట్టుకుని ఊపినవాణ్ని ఒకటి చరిచి, అందరికీ టీలు తెప్పించాడు. తాతయ్య క్యారేజీ విప్పేసరికి అన్నం చల్లారిపోయింది. నీడకి నలుపు వేస్తే మసి పూసినట్టుంటుందని, ఎరుపు పక్కన ఆకుపచ్చ పడితేనే దూరానికి ఒంటిరంగు వస్తుందని బాబాయి తింటూ తింటూ మాకు చెప్పాడు. ఆ చెయ్యికి అది ఎవరూ బళ్లో నేర్పలేదు.

తర్వాత ఫ్లెక్సు వచ్చింది. ఆయనా, కుర్రాళ్లూ రోజుల తరబడి వేసేది మిషను పూటలో తీసిచ్చేసింది. మొదట పెద్ద సినిమాలు పోయాయి, తర్వాత చిన్నవి, ఆఖరికి కొట్ల బోర్డులూ పోయాయి. కుర్రాళ్లలో ఒకడు ఆటో నడిపాడు, ఒకడు గోడలకి సున్నం వేశాడు. బాబాయి విగ్రహాల షెడ్డుకి వెళ్లి నాయకుల బొమ్మలకి పంచె అంచులు, కళ్లు దిద్దడం మొదలుపెట్టాడు. మన ఊరి విగ్రహాల పని అలా ఎంతమందికి అన్నం పెట్టిందో. ఇప్పుడు సూర్య శిల్పశాల వాళ్లు నట్లు, బోల్టులు, చైన్లు, గేర్లు అతికించి ఇనుప తుక్కుతో నిలువెత్తు బొమ్మలు చేస్తుంటే ఊళ్లు ఊళ్లు వచ్చి చూస్తున్నాయి. బాబాయికి చూపు తగ్గాక షెడ్డు కూడా మానేశాడు. వెనక వీధిలోనే ఉన్నాడు. మీరు గంటసేపు మాట్లాడిన విషయం ఆయన ఒంటిమీదుగా నడిచివెళ్లింది. సెలవలకి వచ్చినప్పుడు ఆ మైకు తెచ్చుకుని ఆయన ముందు పెట్టు. నువ్వు తక్కువ మాట్లాడి ఆయన్ని చెప్పనివ్వు. ఎడమచెవి వైపు కూర్చో, కుడి చెవి వినపడదు.

అభిప్రాయం చెప్పేముందు ఆ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి బుజ్జీ. జానపదం ఇప్పుడు ట్రెండు అన్నారు మీరు. కిన్నెర మొగులయ్య గారి గొంతు 2021లో సినిమా పాటలో వస్తే రాష్ట్రమంతా పాడుకుంది, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తూ కనిపించాడని పేపర్లో ఫోటో వేశారు. తుర్కయంజాల్ మీ హాస్టలుకి ఎంత దూరం? ట్రెండు అన్న మాట అనేటప్పుడు ఆ ఫోటో కూడా గుర్తుపెట్టుకోవాలి. పాఠంలా చెప్పకూడదనే మొదలుపెట్టాను, పాతికేళ్లు బళ్లో పంతులమ్మగా చేసినదాన్ని, ఇలాగే వస్తుంది.

చివరి భాగంలో డిసెంబరులో అందరం కొచ్చి బినాలేకి వెళ్తున్నాం అన్నావు. వెళ్లు. 2012లో మొదలైన దగ్గర్నుంచి ఆ కళల ప్రదర్శన గురించి వింటూనే ఉన్నాం, పాత గోదాముల్లో బొమ్మలు పెడతారట. ఈసారి డిసెంబరు 12న మొదలై మార్చి ఆఖరుదాకా ఉంటుందని నాన్న చూసి చెప్పారు. మార్చి దాకా ఉన్నప్పుడు పరీక్షల ముందే ఎందుకు? శబరి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే పోతుంది, సెమిస్టరు అయ్యాక ఇక్కడ దిగి నాలుగు రోజులుండి మీరందరూ ఇక్కణ్నుంచే ఎక్కండి. టిక్కెట్లు నాన్న తీస్తారు. ఆ పిల్లలకి పులిహోర, పెరుగన్నం నేను కట్టిస్తాను. ఆ అద్దాల అబ్బాయి ఎవరో కూడా అప్పుడు చూస్తాం.

చిట్టి మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు. మీ కాలేజీలో చదివే వాళ్ల ఆఫీసాయన కూతురు, నీ పేరు హాజరు తక్కువైనవాళ్ల జాబితాలో ఉందందట. పరీక్ష ఫీజు కూడా కట్టలేదందట. నాన్నకి ఈ మాట చెప్పలేదు, ఆయనకి రాత్రి నిద్ర పట్టదు. చదువు మీద మనసు లేదనిపిస్తే అది వేరే సంగతి, కూర్చుని మాట్లాడుకుందాం. ఈ పాడ్‌కాస్ట్ పనే జీవితమంతా చేస్తానన్నా కూర్చుని మాట్లాడుకుందాం, నేను వింటాను. నువ్వు చెప్పకుండా ఊరు చెప్తే వినడం నా వల్ల కావట్లేదు.

పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి, నువ్వుండలు ఉన్నాయి. పచ్చడి సీసా మూతకి ప్లాస్టిక్ కట్టాను, నిటారుగానే పెట్టు. తడిచెంచా పెట్టకు. నువ్వుండలు మీ నలుగురికీ. నల్లశాలువా కూడా పెట్టాను, రికార్డు చేసేటప్పుడు మెడకి చుట్టుకో. పరీక్ష ఫీజు డబ్బులు శాలువా మడతలో కవరులో ఉన్నాయి, ఆలస్య రుసుముతో కలిపి లెక్కవేసి పెట్టాను. ముందే కట్టేసుంటే దగ్గు మందుకి, పళ్లకి వాడుకో.

పెట్టె అందగానే బస్టాండు నుంచే ఫోను చెయ్యి.

అమ్మ

తా.క. ఆదివారం నాన్న సాయంత్రం గుడికి వెళ్తారు, ఆరు నుంచి ఏడున్నర దాకా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.